శనివారం సున్నా

గంగామణి నుదుటి చుట్టూ కట్టిన నల్ల పట్టీలో ముప్పై రెండు పూసలున్నాయి. మందు పనిచేస్తుంటే అవి వెలగాలి. ఒక్కటీ వెలగలేదు. బల్ల మీదున్న చిన్న తెరలో అంకె కాసేపు అటూ ఇటూ ఊగి సున్నా దగ్గర నిలబడిపోయింది.

డాక్టర్ నిరంజన్‌రావు దాన్ని చూసి నవ్వాడు. బహుమతి ఇవ్వబోయేవాడి నవ్వు అది.

"శుభవార్తమ్మా. ఈ గోలీ మీ మీద అసలు పనే చెయ్యట్లేదు. ఏడాది నుంచి మీరు బాగున్నారంటే, మీ అంతట మీరే బాగయ్యారు. అది మీ మనోబలం. ఇక గోలీ అక్కర్లేదు."

గంగామణి పట్టీ కింద నుంచే కళ్లు తిప్పి అక్క వైపు చూసింది. "అంటే ఏందక్కా? ఇన్నొద్దులు నేను మింగింది ఏంది మరి?"

అక్క పేరు ఆండాలు. ముప్పై ఏళ్లు పల్లెల్లో నర్సుగా తిరిగి రిటైరైన మనిషి ఆమె. ఈ పరిశోధనలో వందమందికి గోలీలు పంచి, మంచిచెడ్డలు కనుక్కునే పనికి కుదిరింది. చెల్లెల్ని ఆ వందమందిలో చేర్పించింది కూడా తనే.

"ముందు నువ్వు లేచి రా," అంది. తనే పట్టీ విప్పింది. దేనిమీద కోపమొస్తోందో అప్పటికింకా ఆమెకు తెలియదు. రావడం మాత్రం వచ్చింది.

మనసు కుంగిపోయే మనాదికి ఇచ్చే మందుల గురించి ఒక పాత తగవుంది. మనిషిని లేపేది మందేనా, మందు మింగుతున్నానన్న నమ్మకమా, రోజూ పలకరించే మనిషా, గడిచే కాలమా? కొందరికి మందూ కొందరికి ఉత్త గోలీ ఇచ్చి లెక్క తీస్తే సగటు తెలిసేది. మరి ఈ ఒక్క మనిషి సంగతేమిటంటే చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ పట్టీ చెప్తుందన్నారు. దానికి 'ఆనవాలు' అని పేరు పెట్టారు. గోలీ మెదడులో పని మొదలుపెట్టగానే నరాల మధ్య సన్నని మార్పు వస్తుందట. దాని నీడను నుదుటి మీది పూసలు పట్టుకుంటాయట. వందకు ఎంత అన్నది తెర మీద పడుతుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఇఫ్ఫత్ హైదరాబాదు పిల్ల. ముప్పై కూడా నిండలేదు. పట్టీ కట్టే ముందు ప్రతి ఒక్కరి నుదుటినీ తడిగుడ్డతో తనే తుడిచేది.

పరీక్షలు మెట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలులో జరిగేవి. శనివారాలు పెళ్లిళ్లు తక్కువ కాబట్టి హాలు ఖాళీగా దొరికేది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీల్లో మనాది మనుషులు కూర్చుని తమ అంకె కోసం ఎదురుచూసేవారు.

గంగామణితో నూరుమందీ పూర్తయ్యారు. అరవై రెండు సున్నాలు. నిరంజన్‌రావు అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

"అరవై రెండు మందికి ఊరికే మందు పోస్తున్నామమ్మా. వ్యాసం రేపే పంపిస్తున్నాను. ఉచితంగా మందులిచ్చే పథకం వాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు," అన్నాడు.

"సున్నా వచ్చినోళ్లకు గోలీ మెల్లమెల్లగ తగ్గియ్యొద్దా సార్? ఒక్కపారే ఆపుతే ఎట్ల?" అంది ఆండాలు.

"పనిచెయ్యని దాన్ని మెల్లగా తగ్గించడమేమిటి?"

మైసూర్‌పాక్ ముక్క ఆండాలు చేతిలోనే ఉంది. ఆమెకు షుగరు. ఆ సంగతి ఆయనకు నాలుగుసార్లు చెప్పింది.

*

ఈ గోలీలకు ముందు గంగామణి రెండేళ్లు గోడవైపు తిరిగి పడుకుంది. జుట్టు అట్టలు కట్టింది. అప్పటికి తొమ్మిదేళ్లున్న కూతురు రవళి తనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకుని, ఒకనాడు చెయ్యి కాల్చుకుని, ఆ చేత్తోనే బడికి పోయింది. భర్త రాజలింగం పసుపు మార్కెట్‌లో హమాలీ. పొద్దంతా బస్తాలు మోసొచ్చి మూలనున్న భార్యను చూసి మొదట్లో ఏడ్చాడు. తర్వాత తిట్టాడు. ఆ తర్వాత అటు చూడడమే మానేశాడు.

గోలీలు మొదలైన ఆరో వారం గంగామణి తలెత్తి, పక్కింటి బర్రె ఈనిందా అని అడిగింది. ఆ బర్రె ఈని, దూడ పెద్దదై, రెండూ అమ్ముడుపోయి ఏడాదైంది. అయినా రవళి వాకిట్లోకి ఉరికి, మా అమ్మ బర్రె సంగతి అడిగిందని వాడకట్టంతా చెప్పింది. నెల తిరిగేసరికి గంగామణి తలంటు పోసుకుంది. ఇల్లు కడిగింది. ఎన్నడో వదిలేసిన శనివారం ఒక్కపొద్దు మళ్లీ పట్టి, పగలంతా మంచినీళ్లతో ఉండి, దీపం పెట్టాకే తిన్నది. చెల్లెలు మనుషుల్లో పడిందని ఆండాలు ఆ రోజు పొంగిపోయింది.

ఇప్పుడు గోలీ ఆపిన నాలుగో రోజున తల తిరగడం మొదలైంది. తల పక్కకు తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. పదో రోజుకు ఏడుపు పట్టుకుంది. ఆండాలు ఫోన్ చేస్తే నిరంజన్‌రావు, "అది భయం. ధైర్యం చెప్పండి. సున్నా అంటే సున్నాయే కదా," అన్నాడు.

ఒంటి బాధను గంగామణి ఓర్చుకుంది. మాటను ఓర్చుకోలేకపోయింది.

ఆ మాట మొదట రాజలింగం అన్నాడు. అన్నం ముందు కూర్చుని, నెమ్మదిగానే అన్నాడు. "గోలీ పనిచెయ్యలేదని డాక్టరే చెప్పిండాయె. నీ అంతట నువ్వే లేసినవంట. అంటే లేవాలనుకుంటే అప్పుడే లేస్తుంటివి. రెండేండ్లు నాటకమాడినవన్నట్టు."

"నోరు మంచిగ పెట్టుకో రాజలింగం," అంది ఆండాలు.

"నేనేమన్న వదినె? సదువుకున్నోడన్నదే నేనన్న."

గంగామణి అతని కంచంలో మరో గరిటె అన్నం వేసింది. మర్నాడు ఉతికిన బట్టలు మడతపెడుతూ, పక్కన కూర్చున్న అక్కతో అంది, "ఆయన అన్నదాంట్ల తప్పేమున్నదక్కా. నా అంతట నేనే లేసిన్నంటే, నా అంతట నేనే పండుకున్నట్టే గద."

"గట్లనకు."

"మరెట్లనాలె? పొల్ల చెయ్యి కాలి ఏడుస్తుంటే ఇన్న నేను. గోడ దిక్కు తిరిగి, ఇనుకుంటనే పన్న. రోగమనుకున్న అప్పుడు. రోగం గాదంట గద."

ఆ సాయంత్రం రవళి ఆండాలు వెంట కిరాణా కొట్టుదాకా వచ్చింది. దారిలో అడిగింది. "పెద్దమ్మా, అమ్మ కావాలని పండుకున్నదా? నా చెయ్యి కాలిననాడు గూడ లేవచ్చునా?"

పన్నెండేళ్ల పిల్ల. ఆండాలు కొట్టు ముందే నిలబడిపోయింది. గోలీ ఆపితే వచ్చే జిల్లు సంగతి పుస్తకాల్లో ఉంటుంది. ఇది ఏ పుస్తకంలో ఉంటుంది? ఒక మనిషికి నీ బలంతో నువ్వే లేచావని చెప్పి చప్పట్లు కొడితే, పడిపోవడం కూడా ఆ మనిషి నెత్తినే పడుతుందని ఆ నిరంజన్‌రావు చదువులో ఎక్కడా చెప్పలేదా? ఆయన్ను ఆ కొట్టు ముందుకు లాక్కొచ్చి, ఈ పిల్లకు జవాబు చెప్పి కదలమనాలనిపించింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆండాలు వెళ్లేసరికి గంగామణి రవళిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తన చెవుల కమ్మలు తీసి పిల్ల చెవులకు పెడుతోంది. పెట్టి, కొంచెం దూరం జరిగి, తృప్తిగా చూసింది.

ఆండాలు వాకిట్లోనే ఆగింది. ఆమె తల్లి పురిటికి పోతూ గడప దగ్గర వెనక్కి తిరిగి చూసి మళ్లీ రాలేదు. భర్త ఒక పొద్దున బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి, ఆ బస్సులోనే గుండె ఆగి పోయాడు. మనిషి ఎప్పుడు మామూలుగా చూస్తున్నాడో, ఎప్పుడు ఆఖరుసారి చూస్తున్నాడో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎవరు కొత్తబట్ట కట్టినా, ఎవరు ఇల్లు సర్దినా ఆమెకు దడ పుట్టేది. ఈసారిది ఉత్త దడ కాదు.

"కమ్మలెందుకు తీసినవే?" అంది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"ఊకెనే. దానికి మంచిగున్నయి."

"సచ్చిపోవాలని అనిపిస్తున్నదా? నాకు చెప్పు. నేను తిట్టనే."

గంగామణి అవునన్నట్టు తలూపింది.

ఆ రోజు నుంచి ఆండాలు ఆ ఇల్లు కదల్లేదు. మర్నాడే చెల్లెల్ని జగిత్యాల తీసుకుపోయి పెద్ద డాక్టరమ్మకు చూపించింది. ఆమె ఆనవాలు కాగితం చూసి పక్కన పెట్టి, మనిషిని చూసి, అరగంట మాట్లాడి, పాత గోలీయే మళ్లీ రాసింది. "ఒంటరిగా వదలకండి. రోజూ నాకు ఫోన్ చెయ్యండి. పనిచెయ్యడానికి నాలుగు వారాలో, ఆరు వారాలో పడుతుంది. పనిచేస్తుందనే అనుకుంటున్నాను. చెయ్యకపోతే వేరేది ఉంది. దారి ఒక్కటే కాదు," అంది.

ఆ మాట ఆండాలుకు నచ్చింది. చేస్తుందని ఒట్టు వెయ్యలేదు, చెయ్యదని తీర్పూ చెప్పలేదు.

*

నాలుగు వారాల తర్వాత ఒక శనివారం నిరంజన్‌రావు అరవై రెండు మందినీ మళ్లీ హాలుకు పిలిచాడు. 'స్వశక్తి పత్రం' అని ఒక్కొక్కరికీ అద్దం కట్టించిన కాగితం ఇస్తాడట. ఫోటోలు తీయిస్తాడట. గంగామణి రాలేదు. ఆండాలు వచ్చింది, ఆ పటాన్ని ఆయన ముందే పగలగొడదామని. వచ్చినవాళ్లు నలభై మంది కూడా లేరు. రానివాళ్లు ఏ మూలన ఎలా ఉన్నారో తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది.

ఉప్మా పొట్లాలు పంచుతుంటే బీడీలు చుట్టే పోసాని చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు నర్సమ్మా. ఇయ్యాల ఒక్కపొద్దు."

"నాకు గూడొద్దు," అంది పక్కనామె. ఆ వరుసలో ఎవరూ పొట్లం తీసుకోలేదు.

"గోలీ మానేసినంక మంచిగనే ఉన్నవా పోసానీ?" అని అడిగింది ఆండాలు.

పోసాని చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "సారుకు చెప్పకు. నేను మానలే. నువ్విచ్చినయి మిగిలినయి గద, ఏస్కుంటనే ఉన్న. మేం ఏడెనిమిది మందిమి మానలే."

"ఇయ్యాల గూడ ఏస్కున్నవా?"

"ఇయ్యాలెట్ల ఏస్కుంట? ఒక్కపొద్దంటి గద. పొద్దుగాల, తిన్నంకనే ఏస్కోవాలె, పరగడుపున ఏస్కుంటే కడుపుల పుండ్లయితయని నువ్వే గద బెదిరిచ్చినవు. తినని నాడు ఏస్కోం."

"రోజూ ఏస్కుంటున్నవా అంటే అవునంటివి గదనే."

"రోజు ఏస్కుంట మరి. ఒక్కపొద్దు నాడు ఏస్కోం. దాన్ని తప్పుడంటరా?"

ఆండాలు పొట్లాల బుట్ట కింద పెట్టేసింది.

పొద్దున వేసుకోవాలని తెలిసేలా గోలీల కవర్ల మీద సూర్యుడి బొమ్మ వేసింది తనే. ఎవరికి కడుపు మండుతుందో, ఎవరు తన మీదికి వస్తారోనని ఒకటికి పదిసార్లు హెచ్చరించింది తనే. 'రోజూ వేసుకుంటున్నారు' అన్న చోట వందసార్లు టిక్కు పెట్టిందీ తనే. షుగరొచ్చి ఒక్కపొద్దులు మానేసి పదేళ్లయిన తనకు శనివారం కూడా అన్ని రోజుల్లాగే తోచింది. గంగామణి ఒక్కపొద్దు పట్టిందని పొంగిపోయిన మనిషికి, ఆ పొద్దున గోలీ ఏమయిందన్న ఆలోచన రాలేదు.

బయట వ్యాను దగ్గర ఇఫ్ఫత్‌కు చెప్పింది. ఆ పిల్ల పట్టీ పెట్టె మూసేసింది.

"అమ్మా, మందు ఒంట్లో ఉంటుంది. ఒక పూట తప్పితే పోదు. కానీ ఇది నీడను చూసే యంత్రం. ఆ పొద్దున గోలీ పడకపోతే నీడ పల్చబడుతుంది. మన పట్టీకి కనిపించదు. మనం వాళ్ల మందును కొలవలేదు. ఉపవాసాన్ని కొలిచాం."

బుధవారం నాడు పోసాని ఇంట్లోనే ఇఫ్ఫత్ ఆ ఎనిమిది మందికీ తిన్నాక, గోలీ వేసుకున్నాక పట్టీ కట్టింది. అయిదుగురికి పూసలు వెలిగాయి. ఒకామెకు డెబ్బై దాటింది. ముగ్గురికి వెలగలేదు. ఆ ముగ్గురికీ నిజంగానే సున్నా.

*

నిరంజన్‌రావు బుధవారం ఫలితాల కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎనిమిది మందితో ఏమీ తేలదు. వచ్చే ఏడాది మళ్లీ పెద్దగా చేద్దాం. అప్పటిదాకా ఈ మాట బయటికి రాకూడదు."

"వచ్చే ఏడాదిదాక వాళ్లెట్ల సార్?"

"ఆండాలమ్మగారూ, అసలు తప్పు ఎవరిది? కవర్లు రాసిందెవరు? టిక్కులు పెట్టిందెవరు? ఇది బయటపడితే మీ పేరే వస్తుంది."

"నాదే తప్పు. నా పేరే రాయండి, ఇంటిపేరుతోని రాయండి. నేను ఒక్కపొద్దు సంగతి అడగలే. మీరు అరవై రెండు సున్నాలు చూసి, ఎందుకొచ్చినయని ఒక్కపారన్న అడిగిండ్రా? సున్నా వచ్చినోళ్లందరు ఆడోళ్లే ఎందుకున్నరని గూడ అడగలే. మీకు సున్నాలే కావాలె. వచ్చినయి. మైసూర్‌పాక్ పంచిండ్రు."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. ముప్పై ఏళ్లు డాక్టర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి ఇప్పుడు బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"ముగ్గురికి పనిచెయ్యలే. ఆ ముగ్గురికి గూడ మీరు చెప్పిన మాట తప్పే. వాళ్లకు వేరే మందు చూడాలె గాని, సన్మానం చేసి ఇంటికి పంపుతరా?"

తర్వాతి మూడు రోజులూ ఆమె ఆటోలో ఇల్లిల్లూ తిరిగి, తన తప్పు తనే చెప్పుకుని, సున్నా వచ్చిన ప్రతి ఒక్కరినీ మళ్లీ డాక్టరు దగ్గరికి పొమ్మంది. కొందరు శాపనార్థాలు పెట్టారు. ఇద్దరి ఇళ్లకు తాళాలున్నాయి. ఒక ఇంటి ముందు చావుకు వేసిన టెంటు ఉంది. లోపలికి వెళ్లి కూర్చుని, ఏమీ చెప్పలేక లేచి వచ్చింది.

చివరికి చెల్లెలి ఇల్లు.

గోలీ మళ్లీ మొదలై అయిదు వారాలు దాటింది. గంగామణి లేచి తిరుగుతోంది. అది గోలీ వల్లో, అక్క కాపలా వల్లో, జగిత్యాల డాక్టరమ్మ మాటల వల్లో ఆండాలుకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. చెల్లెలి ఎదుట పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పింది.

గంగామణి వింటూ వింటూ చేతిలోని చేట కింద పెట్టింది.

"అంటే నువ్వు."

"నేనే."

"నెలన్నర నేను నా బిడ్డె కండ్లల్లకు సూటిగ చూడలేదక్కా. నా బిడ్డెను నేనే కాల్చినట్టు అనిపిచ్చింది. నువ్వు పక్కకే కూసున్నవు."

"నాకప్పుడు తెల్వదు గంగా."

"తెల్వకుంటె అడగాలె. నీ చెల్లెనైతి. నేను శనివారం తినని నీకు తెల్వదా?" గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "ఆ సారును తీస్కరా ఇక్కడికి."

"వ్యాసంల తప్పయిందని మళ్లీ రాస్తడట. ఇఫ్ఫత్ సంతకం లేంది ఆ కాగితం పోదు. ఆమె ఒత్తిడి పెడుతున్నది."

"ఇంగ్లీషుల రాస్తే నా బిడ్డెకెట్ల తెలుస్తది? తీస్కరా."

*

డాక్టరు గంగామణి ఇంటికి పోయి చెప్పేదాకా సంతకం పెట్టనని ఇఫ్ఫత్ తేల్చేసింది. ఆదివారం పొద్దున నిరంజన్‌రావు వచ్చి, ఆ ఇరుకు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పట్టీ పెట్టె కూడా తెచ్చాడు.

"మీకు మళ్లీ ఒకసారి పరీక్ష చేస్తానమ్మా. అంకె వస్తే ధైర్యంగా చెప్పొచ్చు."

"రాకపోతే?"

ఆయన పెట్టె మూత తీశాడు.

"రాకపోతే మల్ల నాటకమాడిన్నంటవా?" అంది గంగామణి. "పెట్టె మూసెయ్. నాకు అంకె వద్దు."

"మీకు మందు పనిచేసిందో లేదో నాకు తెలియదు. నిజంగా తెలియదు."

"అది నేనడగలే. ఆ రెండేండ్లు నాకు రోగముండెనా, లేకుండెనా?"

"ఉండింది."

"నాకు గాదు. ఆమెకు చెప్పు."

రవళి గడపలో నిలబడి ఉంది. నిరంజన్‌రావు కుర్చీ అటు తిప్పుకున్నాడు. "అమ్మకు జబ్బు చేసిందమ్మా. కావాలని పడుకోలేదు. మందు పనిచేసినా జబ్బే, చెయ్యకపోయినా జబ్బే. నేను చెప్పింది తప్పు."

"నా చెయ్యి కాలిననాడు?" అంది రవళి.

ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆండాలు వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు. "ఆ రోజు కూడా," అన్నాడు. "లేవలేకపోయింది. లేవగలిగితే లేచేది."

గంగామణి గోడకు ఆనుకుని నిలబడ్డ భర్త వైపు తిరిగింది. "ఇన్నవా?"

"ఇన్న," అన్నాడు రాజలింగం, భుజం మీది తువ్వాల సర్దుకుంటూ.

"ఏమిన్నవో చెప్పు."

"అదే, సారు చెప్పింది."

"సారు చెప్పింది సారుకాడనే ఉన్నది. నువ్వు చెప్పు, పొల్లకు."

అతను పిల్లవైపు చూసి, నేలవైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. ఆండాలు పీట మీంచి లేచింది. చెల్లెలు ఆమె వైపు తిరక్కుండానే అంది.

"నువ్వు గూడ పో అక్కా. గోలీలు నేనే తెచ్చుకుంట. డాక్టరమ్మకు ఫోన్ గూడ నేనే చేస్త. కొన్నొద్దులు రాకు నువ్వు."

ఎన్నాళ్లని ఆండాలు అడగలేదు. గడప దగ్గర ఆగి వెనక్కి చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆమెకున్న భయం ఆమెకుంది. నిరంజన్‌రావు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కారు పక్కనుంచి నడిచిపోయింది. సందు మలుపు తిరిగేదాకా వెనక నుంచి గంగామణి గొంతు వినిపిస్తూనే ఉంది.

"నోట్ల నోట్ల గొణుగకు. మల్ల చెప్పు. పొల్లకు సమజైనట్టు చెప్పు."